కూర్చున్న మనిషి కొలతకు రెయిన్‌కోటు

మిరుగు, అంటే మృగశిర కార్తె, రావడానికి ఇంకో పది రోజులుంది. ఆదిలాబాద్‌లో ఎండ తగ్గనే లేదు, మధ్యాహ్నం పూట స్కూటీ సీటు మీద చెయ్యి పెడితే కాలుతోంది. అయినా నిన్న ఆదివారం నా వాన బట్టలన్నీ అటక మీంచి దింపించాను. మా అక్క కొడుకు దింపుతూ "ఇప్పుడే ఎందుకు చిన్నమ్మా, మబ్బు కూడా లేదు కదా" అన్నాడు. మడతల దగ్గర పగుళ్ళు వచ్చాయా, వెల్‌క్రో ఇంకా అంటుకుంటుందా, జిప్పు ముక్క తుప్పు పట్టిందా అని చూసుకోవడానికి ఇదే టైమ్. మొదటి వాన రోజు చూసుకుంటే ఆ రోజంతా తడి బట్టల్లో కూర్చోవాలి. వేరేవాళ్ళకు తడవడమంటే ఇంటికెళ్ళి బట్టలు మార్చుకోవడం. నాకు అది అరపూట పని.

నాకు రెండేళ్ళప్పుడు పోలియో వచ్చింది. కుడి కాలు పూర్తిగా పోయింది, ఎడమ కాలు కొంత. కుడి కాలికి క్యాలిపర్, అంటే కాలిని నిలబెట్టే ఇనుప కడ్డీల పట్టీ, వేసుకుని, చంకల కర్రలతో నాలుగడుగులు వేయగలను. మావల నుంచి టౌన్‌లో ఉన్న ఆఫీసుకు సైడ్ వీల్స్ బిగించిన స్కూటీ మీద వెళ్తాను. ఆఫీసులోనూ ఇంట్లోనూ వీల్‌చైరే. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా నేను కూర్చునే ఉంటాను. బజారులో దొరికే ప్రతి రెయిన్‌కోటూ నిలబడిన మనిషికి కుట్టింది. నా ఇబ్బందంతా ఇక్కడే మొదలవుతుంది.

నిలబడిన మనిషి మీద వాన పడితే భుజాల మీంచి కిందికి జారిపోతుంది. కూర్చున్న మనిషికి వాన నేరుగా ఒడిలో పడుతుంది. కోటు ముందు భాగం పొట్ట దగ్గర ముడతపడి పళ్ళెంలా అవుతుంది. పది నిమిషాల గట్టి వాన చాలు, ఆ పళ్ళెంలో నీళ్ళు నిలుస్తాయి. కాస్త కదిలితే ఆ నీళ్ళు తొడల మధ్య నుంచి సీటు మీదికి దిగుతాయి. ఇక మీరు వేసుకున్నది ఎంత మంచి రెయిన్‌కోటైనా నీళ్ళలో కూర్చున్నట్టే. వెనక సంగతి ఇంకో రకం. మోకాళ్ళ దాకా ఉండే కోటు తోక మన కిందే ఇరుక్కుంటుంది. హ్యాండిల్ కోసం ముందుకు వంగితే అది మెడ దగ్గర గొంతు పట్టుకుని వెనక్కి లాగుతుంది. కింద పడ్డ మడత గంటసేపు ఒకేచోట ఒత్తితే ఆ రాత్రి తొడ మీద ఎర్రటి గీత కనబడుతుంది.

ఒకసారి పెద్ద షాపులో కొత్త కోటు అడిగితే అక్కడి అబ్బాయి మంచి మనసుతోనే "ఒక్కసారి లేచి నిలబడండి మేడమ్, లెంత్ చూద్దాం" అన్నాడు. నేను వీల్‌చైర్‌లోనే ఉన్నాను. "నిలబడను తమ్ముడూ, ఇట్లా కూర్చునే ఉంటాను, ఇట్లాగే చూడు" అన్నాను. కోటు నా మీద కప్పి, వెనక గుడ్డ ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు అటూ ఇటూ సర్దాడు. చివరికి నా కళ్ళలోకి చూడలేక తల దించుకున్నాడు. అతని తప్పేం లేదు. అతని దగ్గర ఉన్న నలభై కోట్లలో ఒక్కటి కూడా కూర్చున్న మనిషి కోసం కుట్టింది కాదు.

ఈ ఒడి సంగతి మొట్టమొదట కనిపెట్టింది మా అమ్మ. 1992లో ఎనిమిదో తరగతికి నేను పక్క ఊరి హైస్కూలులో చేరాను, మా ఊరు నిర్మల్ దగ్గర. చేత్తో తిప్పే ట్రైసైకిల్ మీద మూడు కిలోమీటర్లు వెళ్ళాలి. వానాకాలంలో నాటు వేసే ఆడవాళ్ళు యూరియా సంచి ఒక మూలను రెండో మూలలోకి దోపి తలకు తగిలించుకుంటారు చూడండి, బాపు నాకూ అట్లాంటిదే చేసి ఇచ్చాడు. తల, వీపు తడిసేవి కావు. పుస్తకాలు మాత్రం రోజూ తడిసేవి, ఎందుకంటే సంచీ నా ఒడిలో ఉండేది. రెండ్రోజులు చూసి అమ్మ ఇంకో యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కవరు తీసింది. దాన్ని రెండుసార్లు ఉతికి, నిలువునా కోసి, నడుముకు తాడు కట్టి ముందు పరిచింది. కింది అంచును నా పాదాల కింద దోపింది. ఆ రోజు పుస్తకాలతో పాటు నా లంగా కూడా పొడిగా స్కూలుకు చేరింది. క్లాసులో తడి బట్టలతో కూర్చోకుండా ఉన్న మొదటి వాన రోజు అది, ఇప్పటికీ గుర్తు.

ఉద్యోగం వచ్చి, స్కూటీ కొన్నాక అమ్మ చేసిన ఆ ఏర్పాటును నేను మర్చిపోయాను. దుకాణంలో కొన్నదే మంచిదనుకున్నాను. పాంచో కొన్నాను. తల దూర్చి కింద అంతా వదిలేసే గొడుగులాంటి కోటు అది. వేసుకోవడం తేలిక, ఒడి మీద కూడా పడుతుంది కదా అని తీసుకున్నాను.

2022 జులైలో, కడెం ప్రాజెక్టు గేట్ల మీంచి నీళ్ళు పారుతుంటే అందరం టీవీల ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆ వారం, నేను ఆ పాంచో వేసుకుని ఆఫీసు నుంచి బయల్దేరాను. మెయిన్ రోడ్డు మీద ఒక లారీ పక్క నుంచి దాటింది. దాని గాలికి పాంచో కుడి అంచు లేచి సైడ్ వీల్‌కీ మడ్‌గార్డ్‌కీ మధ్య దూరింది. చక్రం దాన్ని చుట్టుకోవడం మొదలుపెట్టింది. నా మెడ దగ్గర తాడు ముడి వేసి ఉంది. ఒక్క క్షణంలో నా గడ్డం హ్యాండిల్ మీదికి వచ్చేసింది, ఊపిరి ఆడలేదు. బండి మెల్లగా పోతోంది కాబట్టి బ్రేకు పట్టగలిగాను. వెనకే వస్తున్న పాలబండి అన్న దిగి, ముడి విప్పరాక, కత్తితో తాడు కోశాడు. "గిట్లాంటి సోకులు చక్రాల బండ్లకు పనికిరావు బిడ్డా" అన్నాడు. మెడ మీద ఆ గీత వారం రోజులుంది.

అందుకే చక్రాల మీద తిరిగే ప్రతి ఒక్కరికీ ముందుగా చెప్పేది ఇదే. పక్కలకు వేలాడేది ఏదీ వేసుకోవద్దు. పాంచో వద్దు, వదులు చున్నీ వద్దు, చలికాలంలో ఒడిలో వదిలేసే శాలువా కూడా వద్దు. మెడ దగ్గర ముడి వేసే తాడు అసలే వద్దు. లాగితే ఊడొచ్చే ప్రెస్ బటనో వెల్‌క్రోనో ఉండాలి. నా చున్నీని ఇప్పుడు రెండు కొసలూ నడుం దగ్గర పిన్ను పెట్టి, దాని మీదే కోటు వేసుకుంటాను.

ఆ తర్వాత రెండు నెలలకు ఆటోలకు టాపులు, సీట్లు కుట్టే ఆయన దగ్గరికి వెళ్ళాను. మామూలు టైలర్లు ఇద్దరు ఆ గుడ్డ మా మిషన్ మీద నడవదన్నారు. ఆటో టాపులు కుట్టే మిషన్‌కు సూది మందం, దారం గట్టిది, పైగా వాన లోపలికి రాకుండా కుట్టడం ఆయనకు రోజూ చేసే పని. నా దగ్గరున్న చిరిగిన పాంచో గుడ్డే తీసుకెళ్ళాను. లోపల పూత ఉన్న నైలాన్ అది, పలుచగా ఉంటుంది. బాగా మందంగా ఉండే ప్లాస్టిక్ కోట్లు నాకు సరిపడలేదు. చక్రం తోస్తుంటే లోపల చెమట పట్టి వాన కన్నా అదే ఎక్కువ తడుపుతుంది. పైగా ఒక ఏడాదికే మడతల దగ్గర చిట్లిపోతాయి.

నాకు కావాల్సింది ఆయనకు మాటల్లో చెప్పడం కష్టమైంది. చివరికి ఆయన షెడ్డు ఎదురుగా ఉన్న పాత గూన పెంకుల ఇల్లు చూపించాను. "అన్నా, ఆ పెంకులు చూడు. పై వరస కింది వరస మీదికి వచ్చింది. అందుకే నీళ్ళు లోపలికి దిగవు. నా కోటు పై వరస, ఒడి మీది గుడ్డ కింది వరస." ఆయన కాసేపు ఆ కప్పును చూశాడు, నన్ను చూశాడు. "అట్లయితే ఒడి గుడ్డకు నడుం పట్టీ కోటు లోపలికి పోవాలె. మోకాళ్ళ కాడ వాలు ఉండాలె" అన్నాడు. అర్థమైపోయింది ఆయనకు.

కొలతలన్నీ నేను బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకుని ఉండగానే తీయించాను. మీరూ అట్లాగే తీయించుకోండి, మంచం మీద పడుకునో గోడకు ఆనుకునో వద్దు. వెనక మెడ నుంచి సీటు దాకా నాకు 21 అంగుళాలు వచ్చింది, కోటు వెనక భాగం అంతే. సీటుకు తాకి ఆగిపోతుంది, కిందికి ఇరుక్కోదు. ముందు భాగం దానికన్నా ఐదంగుళాలు ఎక్కువ, ఒడి గుడ్డ మీదికి రావడానికి. చేతులు ముందుకు చాపితే చొక్కా చేతులు పైకి పోతాయి కదా, అందుకని మామూలుగా 22 అంగుళాలు ఉండే చేతిని 25కు పెంచాం. మణికట్టు దగ్గర ఎలాస్టిక్ తప్పనిసరి. వీల్‌చైర్ చక్రం తడిగా ఉంటే దాన్ని తోసేటప్పుడు నీళ్ళు అరచేతిలో నుంచి మోచేతి దాకా ఎక్కుతాయి. వీల్‌చైర్ వాడని వాళ్ళకు ఇది ఊహకు రాదు.

ఒడి గుడ్డ ఒకే ముక్క, మధ్యలో కుట్టు లేదు. కుట్టు ఉన్నచోటే ముందు కారుతుంది, అందులోనూ నీళ్ళు నిలిచేచోట కుట్టు ఉంటే ఆపలేం. కొన్న కోటు అయితే లోపలి వైపు తిప్పి కుట్ల మీద టేపు అంటించి ఉందో లేదో చూడండి, లేకపోతే ఎంత ధర చెప్పినా తీసుకోకండి. నా గుడ్డ నడుం నుంచి పాదాల దాకా వస్తుంది. పక్కలకు వేలాడకుండా తొడల కింద దోపుకునేంత వెడల్పే పెట్టాం. పిక్కల వెనక వెల్‌క్రో పట్టీ, పాదం కింద ఎలాస్టిక్ ఉంగరం. వీల్‌చైర్‌లో మన తొడలు కొంచెం వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి నీళ్ళు పొట్ట వైపే వస్తాయి. దానికి ఆయనే ఉపాయం చెప్పాడు. సీట్లలో పెట్టే స్పాంజి ముక్క ఒకటి కోసి పొట్ట దగ్గర గుడ్డ కింద కుట్టాడు. ఇప్పుడు వాలు మోకాళ్ళ వైపుకు తిరిగింది. మొదటి వానలో ఆ నీళ్ళు మోకాళ్ళ మీంచి ముందుకు జారి రోడ్డు మీద పడుతుంటే నేను బండి ఆపి కాసేపు అట్లాగే చూస్తూ ఉండిపోయాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అమ్మ అప్పటికి పోయి నాలుగేళ్ళు.

రంగు పసుపు. మేం రోడ్డు మీద అందరికన్నా కింద ఉంటాం, వీల్‌చైర్‌లో అయితే మరీ. వానలో అద్దం మసకబారిన కారులోంచి నల్ల కోటు కనబడదు. వీపు మీద అడ్డంగా వెలుగు పడితే మెరిసే టేపు కూడా వేయించాను. టోపీ మాత్రం తీసేయించాను. హెల్మెట్ మీద అది నిలవదు, తల తిప్పితే పక్క చూపు మూసేస్తుంది.

వాన ప్యాంటు గురించి రెండు మాటలు చాలు. క్యాలిపర్ మీద మామూలు వాన ప్యాంటు ఎక్కదు. నడుం నుంచి పాదం దాకా పక్కన జిప్పు ఉండి, పూర్తిగా తెరుచుకునే రకమైతేనే కూర్చుని వేసుకోగలం. ఒడి గుడ్డ వచ్చాక నేను ప్యాంటు మానేశాను. ఇంకోటి, వాన మొదలయ్యాక ఆగి వేసుకునే వీలు మనకు లేదు. మిగతావాళ్ళు బండి స్టాండు వేసి చెట్టు కిందికి పరిగెత్తుతారు. నేను కర్రలు తీసి, క్యాలిపర్ లాక్ వేసి, లేచేసరికే తడిసిపోతాను. అందుకే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బు ఉన్నా లేకున్నా ఒడి గుడ్డ వేసుకునే ఇంట్లోంచి బయల్దేరతాను.

చేతులకు ఉన్ని గ్లౌజులు వానలో వద్దు, తడిసి చక్రం మీద జారతాయి. అరచేతి వైపు రబ్బరు పూత ఉన్న పని గ్లౌజులు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి, అవి తడి చక్రాన్ని బాగా పడతాయి. కర్రల కింది రబ్బరు బుష్షులు కూడా మిరుగుకు ముందే మార్చుకోండి. అరిగిన బుష్షు తడి గ్రానైట్ మీద సబ్బు ముక్కలా జారుతుంది. మా ఆఫీసు ర్యాంపు కూడా ఆ నున్నటి రాయే.

మా వీధి చివర ఒక తమ్ముడున్నాడు. గీత పని చేసేవాడు, తాటిచెట్టు మీంచి పడి నడుం విరిగింది. నడుం కింద స్పర్శ లేదు. నా కాలు పని చేయకపోయినా చలి, వేడి, నొప్పి అన్నీ నాకు తెలుస్తాయి. తనకు ఏదీ తెలియదు. నేను తడిస్తే వెంటనే తెలుస్తుంది, చిరాకు పడతాను. తను తడి సీటు మీద పూటంతా కూర్చున్నా తెలియదు, ఆ తడికి చర్మం మెత్తబడి పుండు పడుతుంది. ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. తను ఇప్పుడు వానలో బయటికెళ్తే గంటకోసారి చెయ్యి కిందికి పోనిచ్చి తడిమి చూసుకుంటాడు. వెనక జేబులు, రాగి గుండీలు ఉన్న జీన్స్ మానేశాడు, మందపు కుట్టు కూడా చర్మాన్ని ఒరుస్తుంది. యూరిన్ బ్యాగ్ పెట్టుకునేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. ఒడి గుడ్డ ఎలాస్టిక్ ఆ గొట్టం మీద బిగిస్తే మూత్రం వెనక్కి ఆగిపోతుంది. అందుకే తనకు పిక్క దగ్గర ఎలాస్టిక్ తీసేసి వదులు వెల్‌క్రో పెట్టించాం.

చలికాలం తన విషయంలో నాకు ఇంకా భయం. మొన్న డిసెంబర్‌లో ఇక్కడ రాత్రులు పది డిగ్రీల కిందికి పోతుంటే గల్లీలో అందరూ చలిమంట వేసుకుని కూర్చున్నారు. తనూ వీల్‌చైర్ తెచ్చి మంట దగ్గర పెట్టాడు. చేతులకు వెచ్చగా ఉంది, హాయిగా ఉంది. ఇంట్లోకి వెళ్ళి సాక్సులు తీసేసరికి కుడి పాదం మీద అరచెయ్యంత బొబ్బ. నొప్పే తెలియలేదు. వేడినీళ్ళ బ్యాగు, హీటర్, మంట, ఏదైనా సరే, స్పర్శ లేని చర్మానికి దూరంగా ఉంచాలి. నడుం కింద వణుకు కూడా రాదు కాబట్టి ఒంటికి చలి ఎక్కిందన్న సంగతి శరీరం చెప్పదు. అందుకని గాలి రాకముందే కప్పుకోవాలి తప్ప చల్లబడ్డాక కాచుకోవడం పనికిరాదు.

నా కాలుకు చలి ఎక్కితే పాదం నీలంగా మారుతుంది. కండ కదలదు కాబట్టి వేడి పుట్టదు, రక్తం పైకి తోసేవాళ్ళు లేరు. ఒకసారి చల్లబడితే మధ్యాహ్నం దాకా తేరుకోదు. బిగుతు సాక్సులు రెండు జతలు వేస్తే ఇంకా చల్లబడింది. ఇప్పుడు ఒక వదులు నూలు సాక్సు, దాని మీద ఒక సైజు పెద్దది ఉన్ని సాక్సు. కాలికి థర్మల్ ప్యాంటు, దాని మీద క్యాలిపర్, దాని మీద వదులు పైజామా. ఈ వరస మార్చకూడదు. పొద్దున్నే క్యాలిపర్ కడ్డీ చర్మానికి తగిలితే ఇనుము ఒళ్ళంతా కొరికినట్టుంటుంది. అందుకే నేను లేవడానికి పావుగంట ముందు దాన్ని దుప్పట్లోకి లాక్కుని పక్కన పడుకోబెడతాను. కడ్డీలకు పాత ఫ్లానెల్ గుడ్డ చుట్టి కుట్టాను.

చలికాలపు కోటు పొట్టిదై ఉండాలి, ముందు మందం, వెనక పలుచన. వీపు వెనక మందపు జాకెట్ ఉంటే వీల్‌చైర్ వీపు మనల్ని ముందుకు తోస్తుంది, సాయంత్రానికి నడుం నొప్పి. ఒడిలో అమ్మ పాత చీరలతో కుట్టిన చిన్న బొంత, దాని మీద అదే వాన గుడ్డ. గాలి ఆగిపోతుంది, బొంత చక్రంలోకి జారదు. గొంగడి ముక్క కూడా పెట్టి చూశాను, వెచ్చదనంలో దాన్ని మించింది లేదు. పైజామా మీంచి కూడా గుచ్చుకుంటుంటే దానికి లోపల నూలు గుడ్డ వేయించాను.

ఒక్కటి మాత్రం ఇంకా తేలలేదు. క్యాలిపర్ బూటు. తోలుది, తడిస్తే ఆరడానికి మూడు రోజులు, ఈలోగా పట్టీలు గట్టిపడిపోతాయి, కింద ఇనుము తుప్పు పడుతుంది. నాకున్నది ఒకటే జత. ప్లాస్టిక్ కవరు కడితే కర్ర మీద లేచినప్పుడు జారుతుంది. సైకిల్ ట్యూబు కోసి మడమ నుంచి బొటనవేలు దాకా తొడిగి చూశాను, అడుగున పట్టు బాగుంది గానీ కడ్డీ బూటులోకి దిగేచోట నీళ్ళు వెళ్తున్నాయి. మన దేశంలో 2011 తర్వాత సహజంగా వ్యాపించే పోలియో వైరస్ (వైల్డ్ పోలియో) కేసు రాలేదు. అంతకన్నా సంతోషం లేదు. కానీ ఈ బూట్లు కుట్టే చేతులు కూడా ఒక్కొక్కటిగా తగ్గిపోతున్నాయి, నాకు కుట్టిన ఆయనకు డెబ్బై దాటాయి.

రేపు సాయంత్రం ఆఫీసు అయ్యాక ఆటో టాపుల అన్న దగ్గరికి వెళ్తున్నాను. నా కొలతల కాగితం ఆయన గోడకు మేకుకు తగిలించి ఉంచాడు. తమ్ముడి ఒడి గుడ్డకు వెల్‌క్రో మార్చాలి. ట్యూబు ముక్క, బూటు రెండూ తీసుకెళ్తాను. కడ్డీ దగ్గర ఆ సందును దేంతో మూయొచ్చో ఆయనను అడగాలి.